సిగార్ల పెట్టెలో నలుసు పురుగులు

మిర్యాలగూడలో పురుగును చూసి ఎవరూ కంగారు పడరు. సాగర్ ఎడమ కాలువ కింద పండిన వడ్లు వచ్చి చేరే ఊరు ఇది. ఏ దిక్కుకు వెళ్ళినా రైస్ మిల్లు గొట్టం కనిపిస్తుంది. బియ్యంలో ముక్కుపురుగు, నూకలో తుట్టెపురుగు, తవుడులో ఎర్ర పెంకుపురుగు మాకు రోజూ కనిపించేవే. నేను చాలా ఏళ్ళుగా ఒక మిల్లులో లెక్కలు రాస్తున్నాను కనుక పురుగు పట్టిన సరుకుకు ఎంత తరుగు కొడతారో కూడా నాకు కంఠతా వచ్చు. అలాంటి నన్ను పోయిన వానాకాలంలో కంటికి ఆనీ ఆనని నలుసు పురుగులు కొన్ని వారాల పాటు కుదురుగా కూర్చోనివ్వలేదు. అవి వచ్చింది బియ్యంలోకి కాదు, సిగార్ల పెట్టెలోకి.

మిర్యాలగూడ గుమస్తా ఇంట్లో సిగార్ల పెట్టె ఏమిటి అంటారా? మా తాత మోదుగాకులో పొగాకు చుట్టి కాల్చిన మనిషి. చుట్టను తలరుమాలు మడతలో పెట్టుకునేవాడు. దానికి వేడి ఎంత, తేమ ఎంత అని ఏనాడూ ఎవరూ కొలవలేదు. ఆయన చిన్న మనవడు, అంటే మా తమ్ముడు, డాలస్‌లో ఉద్యోగం చేస్తూ నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్ సిగార్ల రుచి మరిగాడు. మొన్న వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు నాకు కొన్ని సిగార్లు, వాటిని దాచుకునే హ్యుమిడార్ ఒకటి తెచ్చి ఇచ్చాడు. నేను పండగకో పబ్బానికో డాబా ఎక్కి ఒకటి కాల్చే బాపతు. ఇంట్లో కాలిస్తే మా ఆవిడ ఊరుకోదు. ఆవిడ మాటలో న్యాయం ఉందని డాక్టరు కూడా అన్నాడు.

హ్యుమిడార్ అంటే తేమను పట్టి ఉంచే పెట్టె. బయట నున్నని వార్నిషు, లోపల స్పానిష్ సెడార్ అనే చెక్క పలకలు, మూత లోపలి వైపు నీళ్ళు పీల్చుకునే స్పాంజి బిళ్ళ, ముందు వైపు గుండ్రటి ముల్లు మీటరు. ఆ చెక్క అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాల చెట్టుది. వృక్షశాస్త్రం లెక్కన మన వేప, మహాగని ఏ కుటుంబమో అదీ ఆ కుటుంబమే. దాని వాసనకు పురుగు దూరంగా పోతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. వేపచెక్క బీరువాలో కూడా పురుగును చూసిన వాళ్ళం కాబట్టి ఆ మాటను నమ్మాల్సినంత వరకే నమ్మాను. సిగారు ఎండిపోతే పై ఆకు పగులుతుంది, పొగ ఘాటెక్కి గొంతు మండిస్తుంది. అందుకని పెట్టెలోని గాలిలో తేమ 65 నుంచి 70 శాతం మధ్య ఉండేట్టు చూస్తారు. అంతకు మించి పైకి పోయేకొద్దీ బూజుకు దారి తెరిచినట్టే.

తమ్ముడు తిరిగి వెళ్ళే రోజు స్పాంజి బిళ్ళను బోరు నీళ్ళలో ముంచి, మూతకు బిగించి, "అన్నా, ముల్లు 70 దగ్గర ఉందా లేదా చూసుకుంటే చాలు" అని చెప్పి విమానం ఎక్కాడు. నల్లగొండ జిల్లా బోరు నీళ్ళ సంగతి వాడు మరిచిపోయినట్టున్నాడు. నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం కలిపి తేర్చి తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడిందంటే మా నీళ్ళ ఖ్యాతి ఎంతటిదో ఊహించుకోవచ్చు. ఫ్లోరైడ్ మాట అటుంచినా, ఇంత ఉప్పదనం ఉన్న నీళ్ళు ఆరినప్పుడల్లా స్పాంజి రంధ్రాల్లో తెల్లటి పొర పేరుకుంటుంది. ఇలాంటి బిళ్ళలకు డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే నీళ్ళు పోయకూడదు. బ్యాటరీల దుకాణంలో ఆ సీసా చవకగా దొరుకుతుంది.

శ్రావణంలో ముసురు పట్టింది. ఒక ఆదివారం పెట్టె తెరిచి సిగార్లను పాత క్యాలెండరు కాగితం వెనుక వైపు, తెల్లగా ఉన్న చోట, వరసగా పేర్చాను. ఒక సిగారు తీసిన చోట కాగితం మీద దుమ్ము రేణువు ఒకటి మిగిలింది. ఊదితే పోలేదు. వేలి కొనతో తుడవబోయేసరికి పరుగెత్తింది. కొంత దూరం ఉరికి టక్కున ఆగింది, మళ్ళీ ఉరికింది, అడ్డంగా వేలు పెడితే తిరగకుండానే వెనక్కి నడిచింది. టార్చి వేసి చూస్తే పెట్టె మూల చీలికల్లో అలాంటివే ఇంకా ఉన్నాయి. మైదా పొడి చల్లితే ఆ పొడికి కాళ్ళు వచ్చినట్టు ఉంది.

సిగార్లు దాచుకునే వాళ్ళందరినీ భయపెట్టే పురుగు ఒకటుంది. పొగాకు పెంకుపురుగు అంటారు. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, ఎరుపు కలిసిన గోధుమ రంగు, తల ఎప్పుడూ కిందికి వంచుకొని గూనిగా కనిపిస్తుంది, ఎగరగలదు. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకొని చచ్చినట్టు నటిస్తుంది. ఆడది పొగాకు మడతల్లో గుడ్లు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చే తెల్లటి పిల్లపురుగు సిగారును లోలోపలే తొలుచుకుంటూ పెరిగి, పెద్దయ్యాక గుండుసూది గుచ్చినంత గుండ్రటి రంధ్రం చేసుకొని బయట పడుతుంది. వెచ్చదనం దానికి ప్రాణం. 30 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటే బ్రహ్మాండంగా పెరుగుతుంది. మా ఇంట్లో డిసెంబరు, జనవరి తప్పిస్తే ఏడాది పొడవునా దానికి అనువైన వాతావరణమే. మామూలుగా నికోటిన్ పురుగులకు విషం. పూర్వం పొగాకు కషాయాన్ని పంటల మీద చల్లింది అందుకే. ఈ పెంకుపురుగు మాత్రం తన పేగుల్లో ఈస్టు జాతి సూక్ష్మజీవులను పెట్టుకుని బతుకుతుంది. తిండిలోని విషాలను విరచడంలో అవి దానికి తోడ్పడతాయి. ఇంత ఏర్పాటు చేసుకొని వచ్చిన ప్రాణిని వేపాకు వాసనతో తరమగలమని నాకైతే నమ్మకం కుదరలేదు.

అందుకే ముందు రంధ్రాల వెతుకులాటకు దిగాను. ఒక్కొక్క సిగారునూ దీపం కింద నిదానంగా తిప్పుతూ పై ఆకు ఈనెల వెంట చూశాను. ఈనె పక్కన చిన్న గుంట కనిపించినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. ఆకు ఆరినప్పుడు ఏర్పడే ముడతకూ, పురుగు చేసిన రంధ్రానికీ తేడా ఉంది. రంధ్రం అంచు నున్నగా, పరికరంతో తొలిచినట్టు గుండ్రంగా ఉంటుంది. ఆ తర్వాత ముట్టించే కొనను కిందికి పెట్టి, సిగారును తెల్ల కాగితం మీద మెల్లగా తట్టాను. లోపల తొలిచిన పురుగు ఉంటే గోధుమ రంగు పొడి రాలాలి. ఒకటి రెండు ఆకు తునకలు తప్ప ఏమీ రాలలేదు. కొంత ఊపిరి పీల్చుకున్నాను గాని, ఆ పరుగెత్తే నలుసులు ఏమిటో తేలలేదు.

ఈలోపు విషయం ఇల్లు దాటింది. అమ్మ వేపాకు వెయ్యమంది. పచ్చి ఆకు వేస్తే పెట్టెలోకి మరింత చెమ్మ చేరుతుంది. అత్తగారు కర్పూరం అన్నారు, కిరాణా కొట్టాయన కలరా ఉండలు చేతిలో పెట్టాడు. పొగాకు పక్కనున్న వాసననల్లా పట్టుకుంటుంది. కలరా ఉండల పక్కన వారం ఉంచిన సిగారును కాల్చడం కంటే ఊరుకోవడం మేలు. ఇవన్నీ నవ్వుకొని వదిలేయదగ్గ సలహాలే. నవ్వలేని సలహా ఇచ్చింది మా బావ.

బావ మా మిల్లులోనే గోదాములు చూస్తాడు. "బావా, ఒక్క గోలీ కాగితంలో చుట్టి పెట్టెలో పడేసి మూత వెయ్యి, పొద్దుటికల్లా అన్నీ చస్తాయి" అన్నాడు. ఆ గోలీ అల్యూమినియం ఫాస్ఫైడ్. గోదాముల్లో బస్తాల మీద టార్పాలిన్ కప్పి, అంచుల వెంట ఇసుక గొట్టాలు పరిచి, లోపల ఈ గోలీలు పెట్టి రోజుల తరబడి మూసి ఉంచడం నేను చూస్తూనే ఉన్నాను. గాలిలోని తేమ తగలగానే అది ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది. 3 గ్రాముల గోలీ నుంచి 1 గ్రాము వాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. మన దేశంలో దాన్ని ఎవరు పడితే వాళ్ళు వాడటానికి వీల్లేదు. ప్రభుత్వ సంస్థలు, అనుమతి ఉన్న పురుగు నివారణ సంస్థలు మాత్రమే, అదీ పర్యవేక్షణలో వాడాలి. అయినా ఇంట్లో బియ్యం డ్రమ్ములో వేసుకుంటే ఏమవుతుంది అనుకునే వాళ్ళు ఊరూరా ఉన్నారు. తేమను పట్టి ఉంచడానికే పుట్టిన పెట్టెలో, పడక గది పక్కన, ఆ గోలీ వెయ్యడం అంటే ఏమిటో బావకు అరగంట సేపు చెప్పాను. "నువ్వు చదువుకున్నవాడివి, నీ ఇష్టం" అని లేచి వెళ్ళాడు. అలిగాడని తెలుసు. దసరాకు మామూలైపోయాడు.

ఇక చిక్కుముడి విప్పింది ఎదురింటి అమ్మాయి. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బీఎస్సీ చదువుతోంది, సెలవులకు ఇంటికి వచ్చింది. తన చేతి భూతద్దం, చిన్న బ్రష్షు తీసుకొని వచ్చి కూర్చుంది. బ్రష్షు కొనను కొంచెం తడి చేసి ఒక నలుసును దాని మీదికి ఎక్కించి, గాజు పలక మీద దించింది. "మామయ్యా, ఇది పెంకుపురుగు కానే కాదు. రెక్కలే లేవు, చూడండి" అని భూతద్దం నా చేతికిచ్చింది.

కంటికి దుమ్ములా కనిపించిన దానికి ఎంత ఒడ్డూ పొడుగూ ఉందో అప్పుడు తెలిసింది. లేత గడ్డి రంగు, దాదాపు కింద ఉన్న పలక రంగు కనిపించేంత పలచటి ఒళ్ళు. శరీరానికి మించిన వెడల్పాటి తల, దారాల్లాంటి పొడవైన మీసాలు, వెనక కాళ్ళ తొడలు మాత్రం పహిల్వానుకు ఉన్నట్టు బొద్దుగా ఉన్నాయి. మొత్తం కలిపి ఒక మిల్లీమీటరు ఉంటే గొప్ప. అమ్మాయి కాళ్ళు లెక్కపెట్టమంది. ఆరు. ఎనిమిది ఉంటే బూజు మీద బతికే నల్లి జాతి అయ్యేదట. అవి ఇంతకంటే చిన్నవి, నిదానంగా కదులుతాయి. ఇవి సోసిడ్లు. పాత పుస్తకాల్లో కనిపిస్తాయి కనుక ఇంగ్లీషు వాళ్ళు పుస్తకాల పేలు అంటారు గాని పేలు కావు, కుట్టవు, రోగాలు అంటించవు.

"ఇవి పొగాకును తినవు మామయ్యా. బూజును తింటాయి. కంటికి కనపడనంత సన్నటి బూజు ఉన్నా చాలు" అంది. తాగడానికి నీళ్ళు కూడా అక్కర్లేదట. గాలిలోని తేమను ఒంట్లోకి లాక్కుంటాయి. తేమ 60 శాతానికి కింద పడితే ఆ లాక్కోవడం కుదరదు. 50కి తగ్గించి కొన్ని వారాలు ఉంచితే ఒంట్లో నీరు ఇంకిపోయి చస్తాయి. మందు అక్కర్లేదు. ఇంకో విశేషం చెప్పింది. ఈ జాతిలో మన ఇళ్ళలోనూ గోదాముల్లోనూ ఎక్కువగా కనిపించే రకంలో మగవి లేకుండానే ఆడవి గుడ్లు పెట్టి సంతతిని పెంచుతాయి. అంటే ఒక్కటి మిగిలినా చాలు, మళ్ళీ మంద తయారవుతుంది. తలుపు దగ్గర నిలబడి వింటున్న మా ఆవిడ "సంసారం అంటే అలా ఉండాలి" అని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు నా ఆలోచన పురుగు మీద నుంచి తేమ మీదికి మళ్ళింది. మీటరు ముల్లు బుద్ధిగా 69 చూపిస్తోంది. 69 దగ్గర ఇంత బూజు, ఇంత మంద ఎలా వచ్చాయి? లెక్కలు రాసేవాడికి అనుమానం రావాల్సింది తూకం రాయి మీదే. ఇలాంటి మీటర్లను సరిచూడటానికి ఉప్పు పరీక్ష ఉంది. చిన్న సీసా మూతలో ఉప్పు పోసి, నీటి చుక్కలు వేసి తడి ఇసుకలా చెయ్యాలి. కరిగి నీళ్ళు కాకూడదు, అన్నీ ఉప్పు గళ్ళు కనిపిస్తూనే ఉండాలి. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని డబ్బాలో పెట్టి ఒక రాత్రంతా వదిలెయ్యాలి. తడి ఉప్పు పైనున్న గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. గది వేడి కొంచెం అటూ ఇటూ అయినా ఆ అంకె పెద్దగా మారదు. నేను కళ్ళుప్పు దంచి వాడాను. పొద్దున చూస్తే మీటరు 66 చూపిస్తోంది. అంటే తొమ్మిది పాళ్ళు తక్కువ చెబుతోంది. పెట్టెలో నిజంగా ఉన్నది 78. బూజుకు అంతకంటే ఏం కావాలి? అందం కోసం పెట్టె ముఖానికి బిగించే ముల్లు మీటర్లలో చాలావరకు ఇంతే. చిన్న డిజిటల్ మీటరు కొని దానికీ ఉప్పు పరీక్ష చేశాను. 74 చూపింది. ఒకటి కలుపుకుంటే సరిపోతుంది.

సిగార్ల ప్రపంచంలో 70, 70 అని ఒక సూత్రం ఉంది. ఫారెన్‌హీట్‌లో 70 డిగ్రీల వేడి, 70 శాతం తేమ. మన లెక్కలో 21 డిగ్రీలన్నమాట. మిర్యాలగూడలో 21 డిగ్రీల గది కావాలంటే ఏసీ ఆపకుండా నడవాలి. చల్లటి దేశాల ఇళ్ళను చూసి రాసుకున్న సూత్రాన్ని మక్కీకి మక్కీ ఇక్కడ పాటిస్తే పురుగుకూ బూజుకూ పండగ. వేడి తగ్గించలేని చోట తేమనైనా తగ్గించుకోవాలి. నా మట్టుకు నేను 62, 65 మధ్య ఉంచాలని నిర్ణయించుకున్నాను. అంత తేమలో సిగారు చక్కగానే కాలుతుంది. నిజానికి 70 దగ్గర ఉన్నప్పటి కంటే ఒకే తీరున కాలుతోంది.

ఇంతలో వంటింట్లోంచి కేక. "మీ పెంకుపురుగు పసుపును కూడా తింటుందన్నారుగా, ఇలా రండి." తమ్ముడి పెళ్ళి నాటి నుంచి మిగిలిపోయిన పసుపు కొమ్ముల డబ్బా ఆవిడ చేతిలో ఉంది. మూత తీస్తే డబ్బా అడుగున పసుపు పొడి. ఎవరూ దంచని పసుపు పొడిగా ఎలా మారింది? కొమ్ముల నిండా గుండుసూది గుచ్చినట్టు గుండ్రటి రంధ్రాలు. ఒక కొమ్మును పళ్ళెంలో తట్టగానే గూనిగా ఉన్న చిన్న గోధుమ రంగు పురుగు రాలి, కాళ్ళు ముడుచుకొని పడుకుంది. ఎదురింటి అమ్మాయి మళ్ళీ భూతద్దంతో వచ్చింది. ఇలాగే కనిపించే దగ్గరి చుట్టం ఇంకొకటుందట. దాని రెక్కల మీద పొడుగ్గా గీతలుంటాయి, మీసాల కొన గదలా లావెక్కి ఉంటుంది. దీని రెక్కలు నున్నగా ఉన్నాయి, మీసాలు రంపపు పళ్ళలా ఉన్నాయి. సందేహం లేదు, పొగాకు పెంకుపురుగే. నేను సిగార్ల పెట్టెలో దీపం పెట్టి వెతికిన పురుగు గోడకు అవతల పసుపు డబ్బాలో హాయిగా కాపురం చేస్తోంది. ధనియాలు, ఎండు మిరపకాయలు, శొంఠి కూడా దానికి ఇష్టమే. దినుసుల డబ్బాలన్నీ బోర్లించి చూస్తే ధనియాల్లో కూడా కొద్దిగా కనిపించింది.

దాంతో పని రెండింతలైంది. పెట్టెలో ఉన్నవి సోసిడ్లే అయినా, ఎగరగల పురుగు ఇంట్లో ఉందని తేలాక సిగార్లను అలా వదలలేం. ఇప్పటికే గుడ్లు పెట్టి ఉంటే పైకి కనపడవు. దీనికి మందు చలి ఒక్కటే. సున్నా కంటే 18 డిగ్రీలు కిందికి పోయే చలిలో మూడు నాలుగు రోజులు ఉంచితే గుడ్డు, పిల్లపురుగు, పెద్దది అన్నీ చస్తాయి. సోసిడ్లు కూడా ఆ చలికి ఆగవు.

ఫ్రీజర్ మా ఆవిడ సామ్రాజ్యం. అందులో చేపలు, తురిమిన కొబ్బరి, ఊరి నుంచి వచ్చిన పచ్చి బఠానీలు. చేపల పక్కన సిగార్లు అంటే నాకూ మనసొప్పలేదు, సిగార్ల పక్కన కొబ్బరి అంటే ఆవిడకూ మనసొప్పలేదు. పసుపు కొమ్ములూ ధనియాలూ కూడా అదే చలికి పెట్టాలని తెలిశాక బేరం కుదిరింది. ఆ వారం చేపలు వండేశాం.

మొదట థర్మామీటరు పెట్టి చూశాను. పాతకాలపు ఒక తలుపు ఫ్రిజ్‌లో మంచు గూడు నీటిని గడ్డకట్టిస్తుంది గాని చాలాసార్లు 18 దాకా పోదు. అలాంటి దాన్ని నమ్ముకుంటే పురుగుకు చలి జ్వరం తప్ప ఏమీ కాదు. మాది రెండు తలుపులది, తిప్పుడు బిళ్ళను చివరిదాకా తిప్పితే 18 చూపింది. సిగార్లను జిప్ సంచిలో పెట్టి, గాలి వీలైనంత బయటికి నొక్కి మూసి, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టాను. నేరుగా గడ్డకట్టే చలికి పెడితే పై ఆకు చిట్లిపోతుంది. అందుకని ముందు ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు, ఆ తర్వాత ఫ్రీజర్, మళ్ళీ కింది అరలో ఒక రోజు, చివరికి గదిలో. గదిలోకి వచ్చాక కూడా సంచిని వెంటనే తెరవకూడదు. చల్లటి సిగారు మీద గది గాలి తేమ మంచు బిందువుల్లా పట్టి ఆకు నానిపోతుంది. సంచి బయట చెమ్మ పూర్తిగా ఆరేదాకా ఆగాలి. మధ్యలో ఒక వాన రాత్రి కరెంటు పోయింది. ఆ రాత్రిని లెక్కలోంచి కొట్టేసి ఫ్రీజర్ గడువును మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. తొందరపడి తీస్తే చలికి సగం మొద్దుబారిన పురుగు మళ్ళీ లేచి కూర్చుంటుంది.

పసుపు సంగతి తేలిగ్గా తేలింది. పొడి రాలిన కొమ్ములను పారేశాం, మిగతావి ఫ్రీజర్ నుంచి తీసి ఆరబెట్టి గాజు సీసాలో పోశాం.

పెట్టె మాత్రం ఓపిక పరీక్ష పెట్టింది. సబ్బు నీళ్ళతో కడిగితే చెక్క ఉబ్బి మూత పడదు. ఎండలో పెడితే పలకలు వంకర తిరుగుతాయి, సెడార్ జిగురు కారుతుంది. స్పాంజి బిళ్ళను పారేసి, పలకలు ఊడేవి ఊడదీసి, మూలల్లో మెత్తటి బ్రష్షు పెట్టి దులిపి, వాక్యూమ్ క్లీనర్ గొట్టంతో లాగాను. ఐసోప్రొపైల్ ఆల్కహాలు గుడ్డకు కొంచెం అద్ది చెక్క అంతా తుడిచాను. సర్జికల్ స్పిరిట్ వాడకపోవడమే మంచిది, అందులో కలిపే వేరే పదార్థాల వాసన చెక్కలో మిగలవచ్చు. పలకల వెనక బూజు సన్నటి బూడిద రంగు మచ్చలుగా కనిపించింది. సోసిడ్ల వంటిల్లు అదే. ఆ తర్వాత మూత తెరిచి ఆరబెట్టాలి. బయట గాలిలోనే తేమ 80 దాటే శ్రావణంలో ఎక్కడ ఆరబెట్టడం? పడక గదిలో ఏసీ వేసిన రాత్రులు పెట్టెను అక్కడ పెట్టి, పగలు దాన్ని సిలికా జెల్ సంచులతో పాటు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఉంచాను. డిజిటల్ మీటరు 45 దగ్గర ఆడుతుంటే తృప్తిగా ఉండేది. వినాయక చవితి దాటేదాకా అలాగే ఉంచాను. సోసిడ్ల గుడ్లు ఆలస్యంగా పొదిగినా, వచ్చిన పిల్లలకు ఆ పొడిలో బతుకు ఉండదు.

మళ్ళీ తేమ ఎక్కించడానికి స్పాంజి జోలికి పోలేదు. రెండు వైపులా పనిచేసే తేమ పొట్లాలు దొరుకుతున్నాయి. తేమ తగ్గితే వదులుతాయి, పెరిగితే పీల్చుకుంటాయి. వాటి లోపల ఉన్నది ఉప్పు ద్రావణమే. సీసా మూతలో నేను చేసిన పరీక్ష ఏ సూత్రం మీద నడిచిందో ఇవీ ఆ సూత్రం మీదే నడుస్తాయి. ఉప్పు రకాన్ని మార్చి 62, 65, 69 అని వేరువేరు అంకెలకు తయారు చేస్తారు. నేను 65వి తెప్పించాను. మన వానాకాలానికి నీళ్ళ స్పాంజి అసలు పనికిరాదని నా అభిప్రాయం. దానికి ఇవ్వడం తప్ప తీసుకోవడం తెలియదు.

సిగార్లు తిరిగి పెట్టెలోకి వెళ్ళి నెలలు గడిచాయి. వాన వెలిసిన రోజుల్లోనూ, ముసురులోనూ మీటరు 64, 66 మధ్యే ఉంది. తెల్ల కాగితం పరీక్ష ఇప్పటికీ చేస్తాను, ఏమీ పరుగెత్తడం లేదు. ఫ్రీజర్‌కు వెళ్ళొచ్చిన వాటిలో ఒక్కదాని పై ఆకు మాత్రం కొన దగ్గర చిట్లింది. దీపావళికి దాన్నే మొదట కాల్చాను. రుచిలో తేడా నాకు తెలియలేదు, తమ్ముడైతే తెలుస్తుందనేవాడేమో. వాడు ఈసారి వస్తే కొత్త సిగార్లు ముందు ఫ్రీజర్‌లో నిద్ర చేశాకే పెట్టెలోకి పోతాయని ఫోనులో చెప్పేశాను. మా ఆవిడ కూడా కొత్తగా తెచ్చిన ధనియాలను, పసుపును అలాగే చేస్తోంది. ఆ పై అరలో ఇప్పుడు ఎవరి వంతు ఎప్పుడో ముందే మాట్లాడుకుంటాం.

ఇక మిగిలింది అసలు పుట్ట. సోసిడ్లు పెట్టెలోకి ఎక్కడి నుంచి వచ్చాయో అమ్మాయి వెళ్ళేముందు చూపించింది. పెట్టె ఉన్న బీరువా కింది అరలో మిల్లు పాత లెడ్జర్లు కట్టలుగా ఉన్నాయి. ఆ బీరువా వెనక గోడ నీళ్ళ ట్యాంకు కింద ఉండి ఎప్పుడూ నెమ్ముగానే ఉంటుంది. ఒక లెడ్జరు తెరిచి అట్ట కుట్టు దగ్గర భూతద్దం పెడితే ఇక్కడా అదే పరుగు. పన్ను లెక్కల పుస్తకాలను ఏళ్ళ తరబడి ఉంచక తప్పదు, పారేయలేం. వాటిని పొడి గదిలోకి మార్చి, ఆరబెట్టి, సిలికా జెల్‌తో మూత డబ్బాల్లో పెట్టాను. గోడ పని ట్యాంకు మేస్త్రీకి అప్పగించాను, సంక్రాంతి లోపు వస్తానన్నాడు.